ఎంత రావాలి సార్?

సావనీరుకు కెమిస్ట్రీ మీద ఏదైనా రాసి ఇమ్మని విద్యార్థి సంఘం మిత్రులు వచ్చి అడిగారు. "అందరికీ అర్థమయ్యేటట్టు ఉండాలె సార్, ఈక్వేషన్లు మాత్రం వద్దు" అని ఒక షరతు కూడా పెట్టిపోయారు. ఈక్వేషన్లు లేని కెమిస్ట్రీ అంటే ఉప్పులేని పప్పే. అయినా మాట ఇచ్చాను గనుక ఆ ఉప్పును వీలైనంత తక్కువగా వేసి వండుతాను.

బి.యస్సీ. ల్యాబులో నేను వారానికి కనీసం పదిసార్లు వినే ప్రశ్న ఒకటుంది. కుర్రవాడు బ్యూరెట్టు కడిగి నింపుతాడు. పిపెట్టుతో 20 మిల్లీలీటర్లు కొలిచి ఫ్లాస్కులో పోస్తాడు. ఇండికేటరు రెండు చుక్కలు వేస్తాడు. ఇక టైట్రేషన్ మొదలుపెట్టడమే తరువాయి. సరిగ్గా అప్పుడు నావైపు తిరిగి అడుగుతాడు: "ఎంత రావాలి సార్?"

ఈ ప్రశ్న అడిగినవాణ్ణి నేను కోప్పడను. ఒకప్పుడు నేనూ అడిగినవాణ్ణే. నా డిగ్రీ ప్రాక్టికల్ పరీక్షలో పర్మాంగనేటుతో ఫెర్రస్ ఇనుమును అంచనా వేసే ప్రయోగం వచ్చింది. రెండుసార్లు చేశాను. ఒకసారి 9.6, ఇంకోసారి 9.7. చేతులు వణుకుతున్నా రీడింగులు బాగానే కలిశాయి. ఇంతలో పక్క టేబుల్ వాడు గొంతు తగ్గించి, "అరె, గది గాదురా. పది పాయింటు రెండు రావాలంట. అటెండరు చెప్పిండు" అన్నాడు. నేను 9.6ను కొట్టేసి మూడు గడుల్లోనూ 10.2, 10.2, 10.2 అని చక్కని దస్తూరీతో రాశాను. ఆ ప్రయోగానికి వచ్చిన మార్కులు ఇక్కడ రాసుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. 10.2 అనేది పొద్దుటి బ్యాచికి కలిపిన ద్రావణం తాలూకు అంకె అనీ, మధ్యాహ్నం మాకిచ్చిన దానికి 9.6 అయితేనే సరి అనీ ఎన్నాళ్ళకో మా లెక్చరర్ గారు చెబితే తెలిసింది. ఆ కాలేజీ పేరు చెప్పను. చెప్పినా ప్రయోజనం లేదు, అటువంటి అటెండర్లు ఒక్క కాలేజీలోనే లేరు.

మన వైపు "నేను కెమిస్ట్రీ చదువుతున్నాను" అనే డిగ్రీ విద్యార్థి అరుదు. "యం.పి.సి. సార్", "బి.జడ్.సి. సార్" అంటారు. లెక్కలు, ఫిజిక్సు ఒక పక్క, బాటనీ, జువాలజీ మరో పక్క, రెండింటికీ ఉమ్మడిగా నడుమ కెమిస్ట్రీ. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒకే మేజరు సబ్జెక్టు పద్ధతి పెట్టారు గాని, మన దగ్గర మూడు సబ్జెక్టుల కాపురమే నడుస్తూ వచ్చింది. ఉమ్మడి కుటుంబంలో నడిపివాడి గతి ఎట్లా ఉంటుందో కెమిస్ట్రీ గతీ అంతే. పనికి అందరూ పిలుస్తారు, పేరు మాత్రం ఇంకొకరికి పోతుంది. దానికితోడు తెలుగు మీడియం పిల్లలకు మాటల భయం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలను తెలుగులో తెచ్చి మాకు పెద్ద మేలు చేసింది. నేను వాటితోనే గట్టెక్కాను. కాని పుస్తకంలో "అంశమాపనం" అని చదివి, ల్యాబులో "టైట్రేషన్" అని విని, ఆ రెండూ ఒకటేనని గ్రహించడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. 1918లో పుట్టిన ఉస్మానియాలో మొదటి తరాలవారు ఇదే శాస్త్రాన్ని ఉర్దూలో చదివి ప్యాసయ్యారని తలుచుకున్నప్పుడల్లా కొంచెం ధైర్యం వచ్చేది.

ఏ భాషలో చదివినా బ్యూరెట్టులో అంకె ఒక్కటే. ఆ అంకెను వచ్చింది వచ్చినట్టు రాయడం ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికి మన తెలుగువాడే ఒకాయన ఉన్నాడు. ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని మందుల శాస్త్రజ్ఞుడిగానే ఎక్కువమంది ఎరుగుదురు. ఆయన పేరు ముందుగా ప్రపంచానికి తెలిసింది ఒక కొలత వల్ల. 1925లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతిని ప్రకటించారు. మన పిల్లలు సాల్ట్ ఎనాలిసిస్‌లో ఫాస్ఫేటుకు అమ్మోనియం మాలిబ్డేటు వేసి పసుపుపచ్చ అవక్షేపం చూపిస్తారే, దానికి బంధువే ఇదీ. ఇక్కడ మాలిబ్డేటు కలిపిన తర్వాత క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. రంగు చిక్కదనాన్నిబట్టి ఫాస్ఫరస్ ఎంతో చెప్పవచ్చు. ఆ పద్ధతిని కండరాల మీద ప్రయోగించినప్పుడు రంగు రావలసిన వేగంతో రాలేదు, ఆలస్యంగా, నెమ్మదిగా ముదిరింది. ప్రయోగం చెడిపోయిందని పారబోయడం ఎంత తేలిక! వాళ్ళు ఆ ఆలస్యాన్నే పట్టుకుని వెతికితే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం బయటపడింది. అది 1927 సంగతి. కండరానికి అక్కరపడ్డప్పుడు శక్తిని తొందరగా సమకూర్చే నిల్వ అది. పక్క టేబుల్ మీద "ఎంత రావాలి" అని అడిగి రాసుకునేవాడికి అది దొరికేది కాదు.

హార్వర్డు దూరం గనుక ఇంటికి వస్తాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఈ మూడింటినీ గీత గీసి కలిపితే ఒక ముక్కోణం అవుతుంది. ఆ ముక్కోణంలోని మూడు ఊళ్ళకూ మనం ల్యాబులో చేసే మూడు రకాల టైట్రేషన్లు విడివిడిగా అతుకుతాయి. ఇది నేను తెలివిగా కల్పించింది కాదు, ఆయా ఊళ్ళ పిల్లలు తెచ్చిన సీసాల వల్ల తెలిసింది.

సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఉంది. హైదరాబాదు వదిలిన మురుగు ఆ నది వెంబడే వస్తుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్పేది వింక్లర్ పద్ధతి, అంటే మనం మూలుగుతూ చేసే హైపో టైట్రేషనే. సీసాలో బుడగ లేకుండా నీళ్ళు నింపి, మాంగనస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయొడైడు వేస్తాం. ఆక్సిజన్ ఉంటే అవక్షేపం గోధుమ రంగుకు తిరుగుతుంది. తెల్లగానే ఉండిపోయిందా, ఆ నీటికి ఊపిరి లేదన్నమాట. ఆసిడ్ పోస్తే ఆ ఆక్సిజన్‌కు సమానమైన అయొడిన్ విడుదలవుతుంది. స్టార్చి వేసి, నీలిరంగు పోయేదాకా హైపోతో టైట్రేషన్ చేయడమే. 30 డిగ్రీల దగ్గర శుభ్రమైన నీటిలో లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. చేపలు బతికి పిల్లలు పెట్టాలంటే కనీసం 4 ఉండాలని మన ప్రమాణం. ఇందులో మోసం బ్యూరెట్టు దగ్గర జరగదు, ఒడ్డు మీద జరుగుతుంది. పైనుంచి జలజలా పోస్తే గాలి కలిసి రీడింగు పెరుగుతుంది. మాంగనస్ సల్ఫేటు ఒడ్డునే వేయకుండా సీసాను బస్సులో తెచ్చి మర్నాడు చేస్తే లోపలి క్రిములు ఆక్సిజన్ తినేసి రీడింగు తగ్గుతుంది. రెండు సందర్భాల్లోనూ మనం రాసేది నది చెప్పిన మాట కాదు.

ఆ మూసీయే దిగువకు పోయి, మిర్యాలగూడ అవతల వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ ఒడ్డుపట్టున వాడపల్లి నుంచి కోదాడ వైపు మఠంపల్లి, మేళ్ళచెరువు దాకా సున్నపురాయి. సున్నపురాయి ఉన్నచోట సిమెంటు. కోదాడ ప్రాంతపు బి.యస్సీ. పిల్లల్లో షిఫ్టు డ్యూటీ కెమిస్టులుగా పోయినవాళ్ళు ఉన్నారు. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడై గాలిలో కలిసి 56 కిలోల సున్నం మిగులుతుంది. ఇది మొదటి సంవత్సరం లెక్క. బట్టీలో సుమారు 1450 డిగ్రీల వద్ద క్లింకరు తయారయ్యే ముందు రాయిలో కాల్షియం ఎంత, మెగ్నీషియం ఎంత అని ఇ.డి.టి.ఎ. టైట్రేషన్‌తో తేల్చాలి. ద్రాక్ష రంగు ఎరుపు నుంచి నీలానికి మారే ఆ ప్రయోగం మీరంతా చేసినదే. సిమెంటులో మెగ్నీషియా 6 శాతం దాటకూడదని నిబంధన. ఎందుకంటే అది చాలా నిదానంగా నీటిని పీల్చి ఉబ్బుతుంది. స్లాబు వేసిన నాడు ఏమీ తెలియదు, కొన్నేళ్ళకు బీటలు వస్తాయి. ఈ రోజుల్లో ఎక్స్-రే యంత్రాలు నిమిషాల్లో అంకెలు చెబుతున్న మాట నిజమే. ఆ యంత్రాన్ని సరిచూసే నమూనాలో ఎంత ఉందో తేల్చేందుకు ఎవడో ఒకడు బ్యూరెట్టు పట్టుకోక తప్పదు.

మిర్యాలగూడ సంగతికొస్తే నాకు పక్షపాతం ఉంది, ముందే ఒప్పుకుంటున్నాను. 1967లో నాగార్జునసాగర్ నుంచి నీళ్ళు వదిలిన తర్వాత ఆ ప్రాంతపు రూపే మారింది. ఎడమ కాల్వ కింద వరి, వరి వెనకాల రైసు మిల్లులు. మిల్లువాళ్ళు బాయిల్డు రైసు అనేదాన్ని మన పెద్దలు ఉప్పుడు బియ్యం అంటారు. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. ఆవిరికి గింజలోని స్టార్చి రేణువులు నీళ్ళు పీల్చి ఉబ్బి జిగటగా మారతాయి, గింజలో ఉన్న సన్నని పగుళ్ళు అతుక్కుపోతాయి. ఆరాక గింజ గాజులాగా గట్టిపడుతుంది. అందుకే మిల్లులో నూక తక్కువ పడుతుంది. పై పొరలోని బి1 విటమిన్ కొంత నీటివెంట లోపలికి చేరుతుంది గనుక పాలిష్ పట్టినా అది పూర్తిగా తవుడులోకి పోదు.

ఇక ఆ తవుడు. ఇందులో ఉన్నంత కెమిస్ట్రీ మా ల్యాబు బీరువాలో కూడా లేదంటాను. తవుడులో నూనె ఉంది, ఆ నూనెను విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైమూ ఉంది. గింజ లోపల ఇద్దరూ వేరు వేరు గదుల్లో కాపురం. మిల్లు రాయి కింద పొర చీరగానే ఇద్దరూ కలుస్తారు. ఆ గంట నుంచే నూనె విరిగి ఫ్రీ ఫ్యాటీ ఆసిడ్లు పుట్టడం మొదలు. పచ్చి తవుడును ఊరికే ఉంచితే రోజుకు కొన్ని శాతం చొప్పున పెరుగుతాయి. వారం పదిరోజులు లారీలో, గోడౌనులో తిరిగిన తవుడు నూనె వంటకు పనికిరాదు, సబ్బుకు పోతుంది. బాయిల్డు తవుడుకు ఈ బాధ తక్కువ, ఆవిరే ఎంజైమును చంపేసి ఉంటుంది. కాబట్టి నూనె మిల్లు గేటు దగ్గర మొదటి పరీక్ష ఆసిడ్ వాల్యూ. నూనెను తూచి, తటస్థం చేసిన ఆల్కహాలులో కలిపి, ఫినాఫ్తలీన్ వేసి, లేత గులాబీ రంగు అరనిమిషం నిలిచేదాకా క్షారం పోయాలి. మొదటి సంవత్సరం ఆసిడ్-బేస్ టైట్రేషన్, ఇంకేమీ కాదు. కాకపోతే ఇక్కడ రీడింగును బట్టి లారీకి ధర.

నా దగ్గర చదివినవాడొకడు ఒక నూనె మిల్లులో కెమిస్టుగా చేరాడు. మిల్లు ఏదో, ఊరు ఏదో ఇక్కడ అనవసరం. ఒకరోజు నన్ను చూడడానికి వచ్చి నవ్వుతూ అన్నాడు: "సార్, ల్యాబుల మేము ఎంత రావాలె అని అడిగేటోళ్ళం. గేటు కాడ తవుడు సేటు నన్ను అడుగుతున్నడు, తమ్మీ, ఎంత రాస్తవు అని." నేను నవ్వలేకపోయాను. "మరి ఏం రాస్తున్నవు?" అన్నాను. "వచ్చిందే రాస్తున్న సార్. అందుకే ఆ సేటు నాతోని మాట్లాడతలేడు" అన్నాడు. వాడికి నేను ఇంటర్నల్సులో 20కి 11 వేసినవాణ్ణి.

హైదరాబాదు రోడ్డుమీద చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలున్నాయి. మన పిల్లలకు ఎక్కువ ఉద్యోగాలు అక్కడే, అదీ క్వాలిటీ కంట్రోలులోనే. 2013 తర్వాత మన దేశపు మందుల కంపెనీలు చాలావాటికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక లేఖలు పంపింది. వాటిల్లో తరచుగా కనిపించిన తప్పు మందు చెడిపోవడం కాదు. పరీక్ష చేయకుండానే అంకె రాయడం, నచ్చని ఫలితాన్ని చెరిపి మళ్ళీ చేయడం. నా 9.6 కొట్టివేత ఆ లేఖల్లో ఉన్నట్టే అనిపించింది.

నల్లగొండ జిల్లావాడు నీళ్ళ మాట ఎత్తి ఫ్లోరైడ్ దగ్గర ఆగకుండా పోలేడు. దేశంలో ఈ జబ్బును మొదట వైద్యులు రాతలో పెట్టింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. తర్వాత పేరు మాత్రం మన జిల్లాకు స్థిరపడింది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వంగిన ఎముకలు చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఎందుకిట్లా అంటే మన కింద ఉన్నది గ్రానైటు. అందులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. కాని రాయిలో ఉండటం ఒకటి, నీళ్ళలోకి రావటం ఒకటి. ఇక్కడ పనికొచ్చేది మీరు బట్టీపట్టి మరిచిపోయే ద్రావణీయతా లబ్ధం.

కాల్షియం, ఫ్లోరైడ్ రెండూ నీళ్ళలో ఒక హద్దుకు మించి కలిసి ఉండలేవు. మించితే కాల్షియం ఫ్లోరైడుగా అడుగుకు పడిపోతాయి. కాల్షియం ఫ్లోరైడ్ ద్రావణీయతా లబ్ధాన్ని ఉజ్జాయింపుగా 4×10⁻¹¹ అనుకోండి. లీటరు నీటిలో 40 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ 3.8 మిల్లీగ్రాముల దాకా నిలవగలదు. కాల్షియం 10కి పడిపోతే ఫ్లోరైడ్ 7.6 దాకా నిలవగలదు. మన బోరు నీళ్ళలో సోడా గుణం, అంటే బైకార్బొనేటు, ఎక్కువ. అది కాల్షియాన్ని కార్బొనేటుగా దించేస్తుంది. చేలల్లో గడ్డపారకు తగిలే సున్నపు గడ్డలు అవే. కాపలా కాసే కాల్షియం అట్లా తప్పుకున్నాక ఫ్లోరైడుకు అడ్డెవరు? గ్రానైటు ఉన్న ఊళ్ళన్నిటా ఒకే బాధ ఎందుకు లేదో, పక్కపక్క బోర్లలో కూడా అంకెలు ఎందుకు మారతాయో దీన్నిబట్టి కొంతవరకు అర్థమవుతుంది.

విరుగుడుకూ మన జిల్లా పేరే పెట్టారు. నాగపూర్‌లోని నీరి సంస్థవారు 1970లలో రూపొందించిన నల్లగొండ పద్ధతిలో ఉన్నవన్నీ మన ల్యాబు సరుకులే. పటిక జాతి అల్యూమినియం సల్ఫేటు, సున్నం, కొంచెం బ్లీచింగు పౌడరు. పటిక, సున్నం కలిసి దూదిపింజల్లాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ అవక్షేపాన్ని ఇస్తాయి. అది ఫ్లోరైడును పట్టుకుని కిందికి దిగుతుంది. కుళాయి బిగించిన బకెట్టులో కలియబెట్టి, గంటసేపు తేరనిచ్చి పైనీళ్ళు తీసుకోవాలి. పద్ధతి మంచిదే. కాని ఎంత పటిక వేయాలన్నది ఆ నీటి ఫ్లోరైడును, క్షారగుణాన్ని బట్టి ఉంటుంది, అంటే ముందు కొలవాలి. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ మిగులుతుంది, కొలత తప్పితే అల్యూమినియం మిగులుతుంది. రోజూ ఇంట్లో ఆ కొలతలు చేసేదెవరు? చాలాచోట్ల ఆ బకెట్లు మూలపడటానికి కారణం జనం బద్ధకం కాదని నా అభిప్రాయం. తర్వాత నది నీళ్ళు గొట్టాల్లో వచ్చాయి. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. ఇది చిన్న మేలు కాదు. అయితే కింద గ్రానైటు ఎక్కడికీ పోలేదు, బోర్లూ పోలేదు.

ఈ మధ్య రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె తమ ఇంటి బోరు నీళ్ళు సీసాలో తెచ్చింది. నల్లా నీళ్ళు తాగుతారు, వంటకు మాత్రం బోరువేనట. జిర్కోనియంతో ఎర్రరంగు ఇచ్చే స్పాడ్న్స్ అనే రంగుద్రవం ఉంది. ఫ్లోరైడ్ కలిస్తే ఆ ఎరుపు వెలిసిపోతుంది. వెలిసినంత మేరకు ఫ్లోరైడ్. అమ్మాయి అన్నీ సిద్ధం చేసుకుని, కలరీమీటరు ముందు కూర్చుని, అలవాటు ప్రకారం అడిగింది:

"ఎంత రావాలి సార్?"

"నాకు తెలియదమ్మా. నువ్వు చేస్తేనే తెలుస్తది."

మొదటిసారి 2.3 వచ్చింది. ముఖం చిన్నబోయింది. "తప్పు చేసిన్నేమో సార్. ఒకటిలోపే రావాలె గద, పుస్తకంల అట్లనే ఉంది" అంది. లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండదగిన హద్దు, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు అన్నది ప్రమాణం రాసినవాళ్ళ మాటనీ, ఆ మాట మీ బోరుకు తెలియదనీ చెప్పాను. మళ్ళీ చేసింది, 2.4. మూడోసారి 2.3. రబ్బరు చేతిలోనే ఉంది గాని వాడలేదు. మూడూ రికార్డులో రాసి, కింద తేదీ వేసి, కాసేపు ఊరుకుని, "మా నాయినకు ఇది చూపిస్త సార్" అంది. వచ్చే సోమవారం పక్కింటివాళ్ళ బోరు నీళ్ళు కూడా తెస్తానంది. ఈసారి గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో తెమ్మన్నాను. ఫ్లోరైడ్ గాజును అంటుకోవచ్చు.